నాయనమ్మ పుట్టింటి పేరు

నా చిన్నప్పుడు మా ఇంటికి చుట్టాలు ఫోన్ డైరెక్టరీలోంచి వచ్చేవారు. ఎనభైల మొదట్లో అమెరికాలో మేముండే పార్సిప్పనీలో తెలుగువాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. కొత్తగా దిగినవాళ్ళు డైరెక్టరీ తిరగేసి, మన ఇంటిపేర్లలా కనిపించినవాళ్ళకి ఫోన్ చేసేవారు. మీరు తెలుగువాళ్ళేనాండీ అని అడిగితే చాలు, మా అమ్మ ఆదివారం భోజనానికి రమ్మనేది. అలా వచ్చినవాళ్ళలో చాలామంది ఇప్పటికీ మాకు సొంతవాళ్ళే. ఒక్కడు తప్ప. వాణ్ణి తలుచుకుంటే ఇన్నేళ్ళకీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ చలికాలం గుంటూరు నుంచి మా నాయనమ్మ వచ్చి ఉంది. అమ్మానాన్నా ఉద్యోగాలకీ నేను స్కూలుకీ వెళ్ళిపోతే పగలంతా ఆవిడొక్కతే. బయటంతా మంచు, మాట్లాడదామంటే ఇంగ్లీషు రాదు. అలాంటి మనిషికి వాడు ఫోన్ చేసి, గుంటూరు యాసలో ఊరడిగాడు, ఇంటిపేరడిగాడు, పుట్టింటివారెవరని అడిగాడు. మనలో ఇవి అడగనివాడే మర్యాద తెలియనివాడు. ఆవిడ సంబరంగా అన్నీ చెప్పింది. అయితే మీరు నాకు పెద్దమ్మ వరస అన్నాడట. సాయంత్రం మేం ఇంటికొచ్చేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది.

ఆదివారం వచ్చాడు. ఆవిడ చేసిన గోంగూర పచ్చడి మారు అడిగి మరీ తిన్నాడు, వెళ్ళేటప్పుడు ఆవిడ కాళ్ళకి దణ్ణం కూడా పెట్టాడు. ఉగాది ఫంక్షన్‌కి చందా అంటే నాన్న చెక్కు రాసిచ్చాడు. చెక్కు మీద అకౌంట్ నంబరు ఎలాగూ ఉంటుంది. షాపుల్లో మాటిమాటికీ అడుగుతున్నారని నాన్న తన సోషల్ సెక్యూరిటీ నంబరు, అంటే అక్కడి ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు నంబరు కూడా దాని మీదే అచ్చు వేయించుకున్నాడు. ఇక ఫోన్‌లో నువ్వు నువ్వేనని నమ్మడానికి బ్యాంకువాళ్ళు అడిగేది ఒక్కటే, మీ తల్లి పుట్టింటి పేరేమిటని. అది వాడికి పెద్దమ్మ స్వయంగా చెప్పింది.

వాడు నాన్ననంటూ బ్యాంకుకి ఫోన్ చేసి, అడ్రసు మార్పించి, కొత్త చెక్కు పుస్తకం తన దగ్గరికి తెప్పించుకున్నాడు. ఇల్లు కొనడానికి దాచుకున్నదంతా ఊడ్చేశాడు. మేం రాసిన అద్దె చెక్కు వెనక్కి వచ్చేదాకా మాకు తెలియనే లేదు.

నాన్న కోపమంతా నాయనమ్మ మీద చూపించాడు. "అడిగినవాడికల్లా అన్నీ చెప్పెయ్యడమేనా? నీ నోటివల్ల ఇల్లు గుల్లయింది" అన్నాడు. ఆవిడ తన పెట్టె తీసి చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆ దొంగ మీద ఎంత కోపమో, ఆ పూట మా నాన్న మీదా నాకంత కోపం వచ్చింది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అప్పుడు మా అమ్మ గరిట పక్కన పెట్టి వచ్చింది. "చెక్కు రాసిచ్చింది మీరు. దాని మీద నంబర్లన్నీ అచ్చేయించుకుంది మీరు. ఆవిడ చెప్పింది వాళ్ళ నాన్నగారి ఇంటిపేరు" అంది. మా అమ్మ అంత గట్టిగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. మర్నాడు ఆఫీస్‌కి సెలవు పెట్టి, చీర మీద నాన్న ఓవర్‌కోటు తొడిగి నాయనమ్మని కార్‌లో బ్యాంకుకి తీసుకెళ్ళింది. నన్నూ రమ్మంది.

మేనేజరు నవ్వుతూ జాగ్రత్తలు చెప్పబోయాడు. అమ్మ చెప్పనిస్తేనా! మా దేశంలో రైల్లో పక్కన కూర్చున్నావిడ కూడా అడిగే ప్రశ్న మీకు రహస్యం ఎలా అయిందని నిలదీసింది. అకౌంట్ తన పేరు మీద కూడా ఉంది కాబట్టి, ఆ పేరు కొట్టించేసి ఇకనుంచి వేరే మాట అడగాలని పట్టుబట్టింది. ఆ మాటేదో చెప్పమని నాయనమ్మనే అడిగింది. ఆవిడ చాలాసేపు ఆలోచించి అమ్మ చెవిలో చెప్పింది. అదేమిటో నాకు ఈనాటికీ తెలియదు.

సంతకాలు దొంగవని తేలాక డబ్బు చాలావరకు తిరిగొచ్చింది. నాన్న క్షమించమని అడగలేదు. నాయనమ్మ మళ్ళీ ఫోన్ ఎత్తలేదు, మోగి మోగి ఆగిపోయేది. ఉగాది ఫంక్షన్‌లో ఒక ఆంటీ పక్కన కూర్చుని, మీ పుట్టింటివారెవరండీ అని ఆప్యాయంగా అడిగింది. నాయనమ్మ నోరు తెరిచి, ఆగి, తప్పు చేసిన పిల్లలా అమ్మ వైపు చూసింది. సొంత తండ్రి ఇంటిపేరు చెప్పడానికి అరవై దాటిన మనిషి అనుమతి కోసం చూసిందంటే, ఆ వెధవ ఏం దోచుకుపోయాడో నాకప్పుడు అర్థమైంది.

"చెప్పండత్తయ్యా, అది ఇక బ్యాంకులో పనికిరాదు" అంది అమ్మ. నాయనమ్మ చెప్పింది. మెల్లగా మొదలుపెట్టి, ఊరూ, అన్నదమ్ములూ, అన్నీ చెప్పింది.

ఇప్పుడు నాకూ అరవై దగ్గరపడుతున్నాయి. తల్లి పుట్టింటి పేరు అడిగిన ఏ బ్యాంకుకీ నేను నిజం చెప్పలేదు, ఒక్కో చోట ఒక్కో అబద్ధం. గుడిలోనో పెళ్ళిలోనో పక్కనున్నావిడ అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు, గొంతు తగ్గించకుండా చెప్తాను.