నిరీక్షణ ఎప్పుడొస్తాదవ్వా?

మొన్న ఆదివారం మా కొత్త పాస్టరయ్య నిరీక్షణ మీద ప్రసంగం చెబుతుంటే, చర్చిలో అందరూ తలలు వంచుకొని వింటున్న చోట నేనొక్కణ్ణే కిసుక్కున నవ్వాను. మా ఇంటామె మోచేత్తో డొక్కలో పొడిచింది. ఆ నవ్వు సంగతి చెప్పాలంటే నా కాలు విరిగిన మామిడికాయల కాలానికి పోవాలి.

చదువు నాకు అచ్చిరాలేదో, చదువుకు నేను అచ్చిరాలేదో గానీ, ఐదో తరగతిలోనే ఇద్దరం విడిపోయాం. పూతలపట్టు దగ్గర తోటల్లో కాయలు కోస్తూ, మీసాలు వచ్చీరాని వయసులో ఒకరోజు కాయకంటే ముందు నేనే రాలాను. తోటవాళ్ళు చిత్తూరు ఆసుపత్రిలో చేర్పించి పోయారు. అమ్మ అంతకుముందే పోయింది. నాయన లారీ మీద యాడ తిరుగుతున్నాడో, కబురు పెట్టే దారి లేదు. సాయంత్రమైతే అందరి మంచాల దగ్గరికీ క్యారియర్లతో చుట్టాలు వచ్చేవాళ్ళు, నా మంచం దగ్గరికి ఈగలు వచ్చేవి. ఆ చుట్టాలందరినీ నవ్వించి పంపి, గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

ఆ వేళకే తెల్లచీర అవ్వ ఒకామె, చంకలో బైబిలు పెట్టుకొని, రోగులకు ప్రార్థన చేస్తూ తిరిగేది. నా తలమీద చెయ్యి పెట్టి, "దిగులుపడొద్దు నాయనా, నీకు నిరీక్షణ వస్తాది" అనింది. క్రైస్తవుల మాటల్లో నిరీక్షణంటే దేవుడిచ్చే ఆశ అని నాకేం తెలుసు? మా వీధిలో ఆ పేరుతో ఒక పిల్ల ఉండేది కాబట్టి, అవ్వ నా కోసం నిరీక్షణ అనే మనిషినెవరినో పంపుతుందనుకున్నాను! మరుసటి రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి తల దువ్వుకొని, చొక్కా గుండీలు పెట్టుకొని, వాకిలి వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి.

పక్క మంచం మామ ఊరుకుంటాడా?

"ఏమప్పా, నీ నిరీక్షణ ఇంకా రాలేదా?"

"దావలో ఉండాది మామా. పాకాలలో రైలు తప్పినట్టుండాది."

కడకు ఉండబట్టలేక, "నిరీక్షణ ఎప్పుడొస్తాదవ్వా?" అని అడిగేశాను. అవ్వకు మొదట అర్థం కాలేదు. మామ విడమరిచి చెప్పాక కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఖాళీగా ఉన్న నా మంచం పక్కను చూసి, అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అర్థం మాత్రం చెప్పలేదు.

మరుసటి సాయంత్రం చర్చి ఆడవాళ్ళందరినీ వెంటేసుకొని, పాట పాడుకుంటూ, సంగటి క్యారియర్‌తో దిగింది.

"వీళ్ళలో నిరీక్షణ ఎవురవ్వా?"

"అందరూనప్పా!"

"ఓరి నీ! ఒకతె కోసం సూస్తే ఊరే వచ్చిందే!" అన్నాడు మామ.

కట్టు విప్పేదాకా రోజూ ఎవరో ఒకరు వచ్చారు. వాక్యం నేను తర్వాత నేర్చుకున్నాను గానీ, దేవుడు మనిషై రావడమంటే ఏమిటో ఆ సంగటి ముద్ద దగ్గరే తెలిసింది. ఆ క్యారియర్ మోసుకొచ్చిన పిల్లే మొన్న నన్ను డొక్కలో పొడిచిన మనిషి.

ఇప్పుడు ఆ వార్డుకు నేను పోతుంటాను. వాకిలి వైపు చూసే కళ్ళు తగ్గిపోయాయి. చుట్టాలు సెల్‌ఫోనులోనే పలకరించి, చెయ్యి ఊపి, ఆరిపోతున్నారు. ఫోను ఆరిపోయాక రోగుల ముఖాలు గోడవైపు తిరగడం మాత్రం మారలేదు. మొన్న చర్చి నుంచి నేరుగా క్యారియర్‌తో అక్కడికే పోయి, అట్లా తిరిగి పడుకున్న ఒకాయన పక్కన కూర్చున్నాను. "ఎవురప్పా నువ్వు? ఎవురి కోసం వచ్చినావు?" అన్నాడు.

క్యారియర్ మూత తీస్తూ చెప్పాను: "నీ కోసమేనప్పా. నా పేరు నిరీక్షణ. పాకాలలో రైలు తప్పింది, అందుకే ఆలస్యం."