మంచం కింది తడి

ఏళ్లుగా నా నోట్లో ఒక మాట ఇరుక్కుని ఉంది. మింగలేదు, ఉమ్మలేదు. నా నోటి సంగతి తెలిసినవాళ్లు ఇది వింటే నవ్వుతారు. గౌలిపురలో మా గల్లీ మొత్తానికి నాతో వాదన పెట్టుకోవాలంటే జంకు. కూరగాయల బండివాడు నన్ను చూడగానే, అడగకముందే కొసరు వేసేస్తాడు. అలాంటి నాకు మూడే ముక్కల మాట ఇన్నాళ్లూ పెగల్లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే చెప్పాల్సిన మనిషికే చెప్పి ఉండేదాన్ని.

మా అత్తగారిది పాలవాళ్ల ఇల్లు. నేను కోడలిగా వచ్చేనాటికే బర్రెలు పోయాయి, కొట్టం కాస్తా గది అయింది. అయినా గోడల్లో పేడ వాసన ఉందని నాకొక అనుమానం. డిగ్రీ చదివినదాన్ని కదా! కాలేజీ స్నేహితురాళ్లను ఆ షాబాద్ బండల మీద కూర్చోబెట్టడం నామోషీ అనిపించి, ముందు గదిలో గోడ నుంచి గోడ దాకా ఎర్ర తివాచీ పరిపించాను. ఆ గదిలోనే, కిటికీ పక్కన, అత్తమ్మ మంచం.

ఆ ఏడు వాన విడవలేదు. వినాయక చవితికి నా స్నేహితురాళ్లు వస్తామన్నారు. తివాచీ మీద చాయ్ మరకలు. కడిగేస్తానన్నాను. "వానల్ల బొంతలే ఆరుతలేవు, గంత పెద్దది ఏడ ఆరుతది? పండుగైనంక చూద్దాం తియ్యి" అంది అత్తమ్మ. ఆమె అన్నది కనుకే నేను వినలేదు. ఆమె ఉప్పుగూడలో చెల్లెలింటికి వెళ్లినప్పుడు బకెట్లకొద్దీ సబ్బు నీళ్లు గుమ్మరించి, చీపురుతో తోమి, ఫ్యాన్ వేసి వదిలేశాను. పైన చెయ్యి పెడితే పొడిగానే తగిలింది. అడుగున, బండకు అంటుకున్న వైపు చూడలేదు. చూడలేదా, చూడదలచుకోలేదా? ఇప్పటికీ తేల్చుకోలేను. మంచం మళ్లీ దాని మీదే వేశాను. ఆమె తిరిగొచ్చాక, ఊరికే దులిపానని చెప్పాను. ఒక చిన్న వాదనలో ఓడిపోకుండా ఉండటానికి ఆడిన అబద్ధం. అప్పటికి అంతే.

పండుగ నాడు వీధి తలుపు మూసి, కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాం. ముక్కిన వాసన. ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏందే ఇది, గిట్ల వాసనొస్తుంది?" అంది. అందరూ నా వైపే చూశారు. నేను మంచం వైపు చూశాను.

"పెద్దమనిషి కదనే. రాత్రిళ్లు తెలుస్తలేదు" అన్నాను.

గొంతు తగ్గించే అన్నాను. కానీ నా తగ్గించిన గొంతు కూడా గల్లీ చివరికి వినబడుతుంది. తల తిప్పితే, అత్తమ్మ కుడుముల గిన్నెతో వంటింటి గడపలో నిలబడి ఉంది.

వాళ్లు వెళ్లాక అడిగింది.

"పిల్లా, నిజంగ నేనే చేసిన్నా?"

"మరి నేను చేసిన్నా అత్తమ్మా?"

"నా చీర తడిసినట్ల ఎన్నడు తెల్వలే గదా."

"నిద్రల ఏం తెలుస్తది? తెల్లారేసరికి చీర ఆరుతది. కిందికి దిగింది ఆరదు. గంతే."

లొల్లి చేస్తుందనుకున్నాను. నాకు దీటుగా మాట్లాడగల మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. తివాచీ వైపు చూసింది.

"గట్లనే అయ్యుంటది తియ్యి. ఎంత ముచ్చటపడి తెచ్చుకున్నవు బిడ్డా! ఖరాబ్ చేసిన."

చూశారా, ఎంత చక్కగా వాదించానో! ఒక మనిషికి తన ఒంటి మీదే నమ్మకం పోయేలా వాదించాను.

నాలుగు రోజుల తర్వాత తివాచీ ఎత్తాను. మంచం కింద బూజు కొంచెమే. చాయ్ మరకలున్న చోట, ఆ మూల అల్మారా దగ్గర, నేను ఎక్కువ నీళ్లు పోసిన చోట, నల్లగా, పచ్చగా, నూగునూగుగా మేటవేసి ఉంది. అత్తమ్మ వాకిట్లోనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఒక్క కేక వేసి పిలిస్తే చాలు. పిలవలేదు. చుట్టచుట్టి చెత్త బండిలో వేయించాను. మా ఆయనతో, మీ అమ్మ సంగతి తెలుసు కదా అన్నాను. ఆయన తల దించుకున్నాడు.

అప్పటి నుంచి పొద్దు వాలితే ఆమె మంచినీళ్లు ముట్టలేదు. ఎండాకాలంలో కూడా. పరుపు మీద ప్లాస్టిక్ కవరు పరిపించుకుంది. ఎవరింటికి వెళ్లినా బండల మీదే, గుమ్మం పక్కన కూర్చునేది. మొఘల్‌పురాలో ఒకప్పుడు ఆమె దగ్గర పాలు పోయించుకున్న బేగం ఒకావిడ ఉండేది. వాళ్లింట్లో తివాచీ మీద బోర్లా పడుకుని మధ్యాహ్నాలన్నీ ముచ్చట్లు పెట్టే మనిషి, అక్కడికి వెళ్లడమే మానేసింది. ఆవిడ వెతుక్కుంటూ వచ్చి అడిగితే, మోకాళ్ల నొప్పులని నేనే చెప్పాను. అత్తమ్మ కాదనలేదు.

ఇక అసలు సిగ్గు చెబుతాను. పొద్దున్నే ఆమె పక్క దులిపేది నేను. "ఇయ్యాల ఏమన్న అయ్యిందా బిడ్డా?" అని అడిగేది, నా మొహం చూడకుండా. "ఏం లేదత్తమ్మా" అనేదాన్ని. నిజమే చెప్పేదాన్ని. ఎన్నడూ తడి లేదు, ఒక్కనాడూ లేదు. ఆమె నమ్మేది కాదు. తన పరువు కోసం నేను దాస్తున్నాననుకునేది. "నోరు కారం గని, నా కోడలి మనసు వెన్న" అని చుట్టాలందరికీ చెప్పుకుంది. నా ఎదుటే. నేను ఆ మాటలు విన్నాను. తల కూడా ఊపి ఉంటాను.

నిరుడు అత్తమ్మ పోయింది. దినాల నాడు వచ్చినవాళ్లంతా అదే మాట తలచుకున్నారు. అంత సేవ ఏ కోడలు చేస్తుందని నా చేతులు పట్టుకున్నారు. ఇప్పుడు బండలు బండలుగానే ఉన్నాయి ఆ గదిలో. వాన పడితే చెమరుస్తాయి, తుడిస్తే ఆరిపోతాయి.

క్షమించమని అడగడానికి ఎవరూ లేరు. మీరు క్షమిస్తే నాకేం ఒరుగుతుంది? మిమ్మల్ని అడగను. ఆ రోజు నేను వాదనకు వేసిన ప్రశ్న ఒకటి ఉంది కదా, నేను చేసిన్నా అని. దానికి జవాబు బాకీ పడ్డాను. గట్టిగా, గల్లీ చివరికి వినబడేలా చెప్పాల్సింది, ఇక్కడ ఇలా రాస్తున్నాను.

అవును అత్తమ్మా, నేనే.