మూడు పడుగుల గడువు

మా తిరుత్తణి పక్క నేతవీధిలో కాంచన మగ్గం మీద పోగు తెగడం అరుదు. ఆ వానాకాలం మాత్రం తెగని రోజు లేదు.

రెండో కాన్పులో నెత్తురు పోయి ఆమె చావు అంచుదాకా వెళ్లివచ్చింది. మూడేళ్లదాకా ఇంకో కడుపు రాకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకని మూడు నెలలకొకసారి ఆసుపత్రిలో కడుపు రాకుండా సూది వేయించుకునేది. ఆ సూదితో నెలసరి ఆగిపోవడం మామూలే. గడువు దాటినా ఒంటి గుర్తేదీ ఉండదు. తేదీ రాసిచ్చిన కార్డు బీరువాలో ఉండేది, ఆమె తీసి చూసేది కాదు. మగ్గానికి నిలువు పోగులుగా ఎక్కించిన పడుగు ఒకటి నేసేసరికి నెలవుతుంది, మూడు ముగిస్తే సూది. మా నేతవాళ్లకు ఏ గడువైనా అట్లాగే గుర్తుంటుంది.

ఈసారి వానలకు, కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంటలో నీళ్లూరాయి. ఒక్క పడుగే రెండు నెలల పైన పట్టింది. మూడోది ముగించి ఆసుపత్రికి పోతే, నర్సు శశికళ కార్డు చూసి కళ్లజోడు తీసింది.

"గడువు దాటి అయిదు వారాలయిందే కాంచనా. యాడ పోయినావు?"

కాంచన పడుగుల సంగతి చెప్పింది. నర్సు కోప్పడలేదు. పరీక్ష చేస్తే పట్టీ మీద ఒక్క గీతే వచ్చింది, కడుపు లేదన్నట్టు. కానీ మొన్నమొన్న నిలిచిన కడుపైతే ఇందులో తెలియదని, రెండు వారాలు ఆగి మళ్లీ చూసి సూది వేస్తానని చెప్పింది. అందాకా భర్త వాడాలని నిరోధ్ పొట్లం ఇచ్చింది. వెంట వచ్చిన మోహన్‌రాజ్ తల వంచుకుని దాన్ని అందుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఆ రెండు వారాలు కాంచనకు అన్నం సయించలేదు. మగ్గంలోకి దిగుతుంది, లేస్తుంది, వాకిట్లోకి వస్తుంది. తిరుత్తణి కొండకు పోయి స్వామికి మొక్కుకొమ్మంది అత్త తిరుమలమ్మ.

"బిడ్డ కావాలని మొక్కేవాళ్ల నడుమ, వద్దని ఎట్లడిగేది అత్తా?"

"వద్దని ఎవురడగమన్నారు? ఉండే ఇద్దరికీ అమ్మ కావల్ల అని అడుగు. పో, మగ్గం నేను చూసుకుంటా."

కాంచన కొండకు పోయిన ఆ పూటంతా, మోకాళ్ల నొప్పులతోనే అత్త గుంటలో కూర్చుని నేసింది.

చెప్పిన రోజున శశికళ పట్టీని కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. ఒక్క గీతే. సూది వేసేసింది. అయినా కాంచన లేవకుండా, కార్డులో రాసిన కొత్త తేదీ చూస్తూ కూర్చుంది. వెనక వరుసలో తన వంతు కోసం నిలబడి ఉన్న తమిళావిడ, నర్సు తనను పిలవబోతే చేత్తోనే ఆపి, కాంచనను కాసేపు కూర్చోనిమ్మంది.