ఓడ మీద కొట్టిన ఉత్త ఫ్లాష్

తిరుపతిలో నా స్టూడియోకి వచ్చేవాళ్లు గోడమీది యుద్ధనౌక ఫోటోలు చూసి ఇప్పటికీ మెచ్చుకుంటారు. మొత్తం పన్నెండు. పదమూడోది కూడా తీశాననీ, ఒక ముసలాయన కదలడం వల్ల అది చెడిపోయిందనీ చాలామందికి నేనే చెప్పాను. అది అబద్ధం.

ఎనభైల మొదట్లో మాట. అప్పుడు ఇంకొకరి స్టూడియోలో పనిచేసేవాణ్ణి. యుద్ధనౌకలన్నా, సైనికుల స్మారకాలన్నా పిచ్చి. ఎక్కడున్నాయని తెలిసినా కెమెరా తగిలించుకుని వెళ్లేవాణ్ణి. ముక్కలు చేయడానికి పంపబోయే పాత యుద్ధనౌకను మద్రాసు రేవులో రెండు రోజులు జనానికి చూపిస్తారని తెలిసింది. నగరిలో మగ్గం నేసే ఒక పెద్దాయన కొడుకు ఆ ఓడ మీదే పనిచేస్తూ యుద్ధంలో పోయాడు. శవం కూడా రాలేదు. పోయినవాళ్ల పేర్లు చెక్కిన ఇత్తడి పలక ఓడలో ఉందని విని ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"నన్నూ తోడుకోని పో అబ్బా. మా ఇంటామెకు మోకాళ్ల నొప్పులు, ఆ నిచ్చెన్లు ఎక్కలేదు. పేరన్నా ఫోటోలో సూపిస్తా."

ఓడెక్కాక నాకు ఒళ్లు తెలియలేదు. ఫిరంగులు, లంగరు గొలుసులు, జెండా కొయ్య. ఒక నావికుణ్ణి బతిమాలి, ఫిరంగి మీద చెయ్యేసుకుని నేనూ నాలుగు తీయించుకున్నాను. పెద్దాయన వెనకాలే నడుస్తూ, "పలక యాడుండాదో అడగప్పా" అని రెండుసార్లు అన్నాడు. లోపలి నడవలో పలక కనబడేసరికి పన్నెండు ఫోటోల రీలు అయిపోయింది. ఇంకొకటి తెచ్చుకోలేదు.

నావికుడు పలక చదివి కొడుకు పేరు మీద వేలు పెట్టి చూపించాడు. పెద్దాయన ఆ పేరు తడిమి, పక్కన అరచెయ్యి ఆనించి, నా వైపు తిరిగి నిలబడ్డాడు.

పెళ్లిళ్లలో మాకొక అలవాటు ఉండేది. ఫోటో తీయమని వేధించే చుట్టాల ముందు రీలు లేని కెమెరాతో ఉత్త ఫ్లాష్ కొట్టేవాళ్లం. వాళ్లూ సంతోషంగా వెళ్లిపోయేవాళ్లు. ఆ రోజు నా వేలు దానంతటదే ఆ పని చేసింది.

"పడిందా?"

"పడింది పెద్దాయనా."

వారం తిరక్కుండానే వచ్చాడు. రీలు ఇంకా కడగలేదన్నాను. మళ్లీ వచ్చాడు. మూడోసారి ఏదో ఒకటి చెప్పక తప్పలేదు. ఓడ అప్పటికే రేవు వదిలి వెళ్లిపోయింది.

"నువ్వు కదిలినావు పెద్దాయనా. అంతా మసకబారిపోయింది."

ఆయన తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "కదిలుంటాదిలే. పేరు తగిలినాక వణుకు పుట్టింది" అన్నాడు. నన్నొక్క మాట అనలేదు. "పోగు తప్పని చెయ్యి ఆడ మాత్రం కదిలిందే!" అని ఇంట్లో ఆమె దెప్పేదని తర్వాత విన్నాను. అది విని కూడా నేను నోరు విప్పలేదు.

ఆయన చనిపోయిన ఏడాదికి నగరి వెళ్లి ఆమెకు అంతా చెప్పాను. దాన్ని ధైర్యమనుకోకండి. నన్ను నిలదీయాల్సిన మనిషి లేడు కాబట్టి వెళ్లగలిగాను.

"అయితే ఆయన కదల్లేదా?"

"లేదమ్మా. రెప్ప కూడా వాల్చలేదు."

గోడ పట్టుకుని లేచింది. ఒక్కో అడుగే వేస్తూ వాకిట్లోకి వెళ్లి ఎదురింటామెను కేకేసింది.

"ఒమ్మే, ఇన్యావా? మా ఆయన కదల్లేదంట! నేను ఎన్నేసి మాటలన్నానే ఆయన్ని!"

ఆ మోకాళ్లతోనే గడప గడపకూ వెళ్లి అదే మాట చెప్పింది. మరి ఎవరి తప్పని వాళ్లు అడిగే ఉంటారు. నేను లోపలే కూర్చున్నాను, నావైపు ఎవరూ రాలేదు. ఆమె నా పేరు బయటపెట్టలేదని అప్పుడు తెలిసింది. అందుకే ఆ తప్పు నాదని ఇక్కడ నేనే రాస్తున్నాను.