సెకండ్ సాబ్

ధర్మవరంలో అమీర్‌సాబ్ ఇల్లెక్కడని అడిగితే జనం తెల్లమొహం వేస్తారు. సెకండ్ సాబ్ అంటే చెయ్యి పట్టుకుని తీసుకుపోతారు. కుర్రతనం నుంచీ ఆయన వాయించేది రెండో సన్నాయి. మొదటిది మేళం పెద్ద రామప్పది. పేరూ దండా రామప్పకు, వెనక కుర్చీ ఈయనకు. నేను పక్కింట్లో ఉండే ఇంగ్లీషు టీచర్ని. ఆ పిలుపు వింటే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు క్లాసులో ఒక పిల్ల లేచింది. "ఫోర్ నుంచి ఫోర్త్ వచ్చె, సిక్స్ నుంచి సిక్స్త్ వచ్చె. టూ నుంచి సెకండ్ ఎట్లొచ్చె మేడమ్?"

నాకు తెలియదు. ఇంటికొచ్చి నిఘంటువు తిరగేశాను. 'సెకండ్' అనే మాటలో రెండు అనేదే లేదు. లాటిన్‌లో దాని అర్థం 'వెంట వచ్చేది'. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి దిగింది. అంతకుముందు ఇంగ్లీషువాళ్లు రెండోదాన్ని కూడా 'అదర్' అనే సరిపెట్టుకునేవాళ్లట. ఇన్నేళ్లూ అలవోకగా పలికిన మాటలో ఒక మనిషి ఇంకొకరి వెంట నడుస్తున్నాడని నాకు తెలియనే లేదు.

పరుగున పోయి అమీర్‌సాబ్‌కు చెప్పాను.

"అట్లయితే ఆ మాట పుట్టించినోడు యాడో మేళంలో ఉన్నోడే మేడమ్," అని నవ్వాడు.

ఆ నెలలోనే పెనుకొండలో నా పాత విద్యార్థిని పెళ్లి. మేళం వీళ్లదే. రామప్ప ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టి అప్పుడే లేచాడు. ఆయన పని అయిపోయిందని అందరూ అనుకుంటున్నారు. ఈ పెళ్లిలో తడబడితే ఇక ఎవరూ పిలవరు.

"ఊపిరి చాలకుంటే నువ్వు ముందుకు పో అమీరూ," అన్నాడు రామప్ప. అమీర్‌సాబ్ ఆయన మొహం కనబడేలా కుర్చీ కాస్త పక్కకు జరుపుకుని, వెనకే కూర్చున్నాడు.

రాగం పైకి పోతుండగా రామప్ప ఊపిరి తెగింది. రాగం మాత్రం తెగలేదు. ఆయన ఆగిన స్వరాన్నే, అది ఆరకముందే, అమీర్‌సాబ్ అందుకుని నిలబెట్టాడు. అక్కడి నుంచి ఒక్క స్వరం ముందుకు పోలేదు. కళ్లు రామప్ప మొహం మీదే ఉన్నాయి. ఆయన గాలి పీల్చుకుని మళ్లీ ఎత్తుకోగానే ఈయన తగ్గాడు. తాళి కట్టేదాకా అదే తీరు. ఒక మనిషి ఊపిరి ఎక్కడ ఆగబోతుందో ఇంకో మనిషికి ముందే ఎలా తెలుస్తుంది? చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ తెలియలేదు.

పెళ్లికూతురి తండ్రి తాంబూలం తెచ్చాడు. "ఎవురేమన్నా అననీ రామప్పా, నీ దమ్ము ఏం తగ్గల్యా."

రామప్ప కళ్లు తడిశాయి. ఏదో చెప్పబోయాడు.

"యాడ తగ్గినాదప్పా," అన్నాడు అమీర్‌సాబ్, సన్నాయి తుడుచుకుంటూ. "అన్న యెంట పోల్యాక నాకే ఆయాసమొచ్చినాది."