గడప బయటి కాలు

మా ఆయన కొత్త కాలును ఇంట్లో అందరికంటే ముందు ముట్టుకుని చూసింది మా అత్తమ్మ.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. ముందు గదిలో మంచం, వెనక గదిలో పొయ్యి, పొయ్యికి ఎదురుగా గూట్లో దేవుళ్ళు. పూణే బండి దిగి రిక్షాలో ఇంటి ముందు ఆగినప్పుడు ఆయన చేతిలో కర్ర ఉంది, రెండు కాళ్ళకూ నల్లటి బూట్లున్నాయి. బంగ్లా యుద్ధంలో ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయిందని మాకు ముందే కబురు వచ్చింది. నెలల తరబడి దవాఖానలో ఉన్నాడనీ తెలుసు. అయినా రెండు బూట్లు కనబడేసరికి ఒక్క క్షణం పిచ్చి ఆశ పుట్టింది నాకు. అత్తమ్మకూ పుట్టే ఉంటుంది. కొడుకు ముఖం చూడకుండానే కింద కూర్చుని, పాంటు మీద నుంచి ఆ కాలును తడిమి, వేళ్ళతో కొట్టి చూసింది. తలుపు కొట్టినట్టు చప్పుడు వచ్చింది.

"కట్టె" అంది. అప్పుడు ఏడ్చింది.

ఏడుపు అయ్యాక కళ్ళు తుడుచుకుని, ఎవరు వచ్చినా అనే మాటే అంది.

"బూట్లు ఇడ్సి లోపలికి రా బిడ్డా."

కుడి బూటు ఆయన విప్పేశాడు. ఎడమది విప్పలేదు. ఆ చెక్క పాదాన్ని బూటు మడమ ఎత్తుకు తగ్గట్టు చెక్కారని, బూటు తీస్తే మనిషి వెనక్కి పడిపోతాడని చెప్పాడు.

"దేవుడున్న ఇంట్లకు బూటేసుకొని ఎట్ల వస్తవు?"

"ఇది బూటు కాదనుకో అమ్మా. నా కాలనుకో."

"కాలెట్లయితది? బజార్ల నడిచొచ్చిన చెప్పది."

అత్తమ్మ కఠినురాలు కాదు. కొడుకు ప్రాణంతో తిరిగి వచ్చేదాకా చెప్పులు వేసుకోనని మొక్కుకుని, అన్నాళ్ళూ ఎండలో, వానలో ఒట్టి కాళ్ళతో తిరిగింది. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడు, ఇక ఆ దేవుడి ఎదుటికి బూటు ఎట్లా రానిస్తుంది? మా ఆయనకు కూడా వాదించే ఓపిక లేదు. గడప మీద కూర్చుని, పట్టీలు విప్పి, మొత్తం కాలునే ఊడదీసి మా చెప్పుల పక్కన నిలబెట్టాడు. రెండు చేతులూ నేల మీద ఆనించి జరుగుతూ లోపలికి వచ్చాడు.

వెనకాల ఆయన ట్రంకు పెట్టె నేను మోసుకొచ్చాను. దాని మీద తెల్ల రంగుతో ఏదో రాసి ఉంది. నేను అక్షరాలు నేర్చుకున్నది ఎన్నో ఏళ్ళ తర్వాత. అప్పుడు గాని అది ఆయన పేరూ పటాలం నంబరూ అని నాకు నేనుగా చదువుకోలేదు.

ఆ వారంలోనే గన్‌ఫౌండ్రీ బస్తీలో ఒక ఆఫీసు నుంచి కబురు వచ్చింది. అక్కడి మేనేజరు ఒకప్పుడు పటాలంలో పెద్ద హోదాలో పనిచేసినవాడు. మా ఆయనను పిలిపించి కుర్చీ వేయించాడట. "నౌకరీ ఉంది. కింద నుంచి మూడో అంతస్తు దాకా ఫైళ్ళు తిప్పే పని. చేతుల నిండ ఫైళ్ళుంటయ్, కర్ర ఎక్కడ పట్టుకుంటవ్? దసరా దాటినంక కర్ర లేకుండ రా, మెట్లెక్కి చూపియ్. నీ జాగ నీకే పెడత" అన్నాడట.

ఆ రోజు ఇంటికి వచ్చి అంతా చెప్పి, "దసరాకు ఎన్ని దినాలున్నయే?" అని నన్ను రెండుసార్లు అడిగాడు. ఆ నౌకరీ ఒక్కటే ఆయనకు మళ్ళీ మనుషుల్లో పడే దారి. నేను ఆబిడ్స్‌లో ఒక టైలరు దుకాణానికి కాజాలు కుట్టేదాన్ని. దాంతో ఇల్లు ఎట్లాగో నడిచేది. కాని భార్య కాజాలు కుడుతుంటే మంచం మీద కూర్చుని చూసే మనిషిగా మిగిలిపోతానేమోనని ఆయన భయం.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా కాలు తొడుక్కునే ఉండాలని పూణేలో చెప్పి పంపారు. తీసి పెడితే మిగిలిన పిక్క ఉబ్బి, మళ్ళీ తొడుక్కునేటప్పుడు లోపలికి పోదు, పోయినా పుండ్లు పడతాయి. ఇంట్లో ఉన్నంతసేపూ కాలు గడప బయట, మనిషి లోపల. బయటికి పోయేటప్పుడు పళ్ళు కరుచుకుని తొడుక్కునేవాడు. సందు చివరకు పోయేలోపే ముఖం చెమటలు పట్టేది.

పక్క వాటాలో బందరు వైపు నుంచి వచ్చిన టీచరమ్మ ఉండేది. ఒక రోజు గడప పక్కన నిలబడి ఉన్న కాలును చూసి ఆగిపోయింది.

"అదేంటండీ పిన్నిగారూ! కాలు బయట పెట్టి మనిషిని లోపలికి రమ్మంటున్నారా?"

"మీ దిక్కు చెప్పులేసుకొని వంట జేస్తరేమో టీచరమ్మా. మా దిక్కు గట్ల లేదు" అంది అత్తమ్మ.

"మా వైపు మనిషిని డేకించరండీ" అని ఆమె వెళ్ళిపోయింది.

అత్తమ్మ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మరునాడు ఆయన బయట నుంచి వచ్చి గడప మీద కూర్చుని పట్టీ మీద చెయ్యి వేశాడో లేదో, అత్తమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అది నా కాలే అంటివి గద. కాలయితే బూటు ఇడ్సి, కడుక్కొని రా. అందరి లెక్కనే."

ఆయన తల్లి వైపు చూశాడు. ఇంటికి వచ్చిన తర్వాత మొదటిసారి నవ్వాడు.

"నీళ్ళు తగలొద్దని పూణేల అన్నరంటిరి గద" అన్నాను నేను.

"జరంత నీళ్ళకేమైతదే? మోకాలు బంటి బురదల నిలబడ్డోణ్ణి."

"అప్పుడు నిలబడ్డది ఈ కాలు కాదు గద."

"నువ్వు ఫికరు జెయ్యకు. ఆ చెంబిట్ల తే."

బూటు విప్పి, ముందు కుడి పాదం కడుక్కుని, తర్వాత చెక్క పాదం మీద కూడా నీళ్ళు పోసుకున్నాడు. వేళ్ళ సందుల్లోకి నీళ్ళు పోనిచ్చినట్టు, లేని వేళ్ళ మీద చేత్తో తోమాడు కూడా. పాత చీర పేలికలు మడిచి, మడమ ఎత్తుకు సరిపడా నేనొక మెత్త కుట్టాను. దాన్ని చెక్క మడమ కింద కట్టి లేపాం. గోడ పట్టుకుని ముందు గది దాటాడు, వెనక గదిలోకి వచ్చాడు, గూటి ముందు నిలబడి దండం పెట్టుకున్నాడు. అత్తమ్మ పొయ్యి దగ్గరే కూర్చుని ఊది ఊది పొయ్యి ఆర్పేసింది. కళ్ళు తుడుచుకుంటూ పొగ అంది.

ఆ నాలుగు నెలలు మా ఇంట్లో మంచి రోజులు. రోజూ బయటికి పోయి వచ్చిన ప్రతిసారీ బూటు విప్పడం, కడగడం, మెత్త కట్టడం. పొద్దున్నే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నడక. అక్కడ నేల నున్నగా ఉండేది. ఆయన ముందు, కూరగాయల సంచీ పట్టుకుని నేను కొంచెం వెనక. వెంట వస్తున్నట్టు కనబడకూడదు, పడబోతే అందాలి. ఒక ముసలి కూలీ రోజూ చూసేవాడు.

"ఏం సాబ్, గింత నిమ్మళంగ నడుస్తున్నవ్, పెండ్లి ఊరేగింపా?"

"ఔ చాచా, పెండ్లికూతురు ఎన్కనే వస్తున్నది, సూడు" అనేవాడు ఆయన.

తర్వాత కర్ర నా సంచీలోకి వచ్చింది. ప్లాట్‌ఫారం నుంచి రోడ్డు మీదికి, రోడ్డు నుంచి ఆబిడ్స్ దాకా నడిచి, నేను కాజాలు ఇచ్చి వచ్చేలోపు దుకాణం బయట నిలబడేవాడు. కూర్చోమని టైలరు స్టూలు వేస్తే వద్దనేవాడు.

వానల్లో ఆ కాలు చప్పుడు చేయడం మొదలుపెట్టింది. అడుగు వేస్తే కిర్రుమనేది. ఆయన కొబ్బరి నూనె పోశాడు. అత్తమ్మకు మాత్రం ఆ చప్పుడు ఇష్టమే. "సందు మలుపు తిరుగంగనే తెలుస్తది, నా కొడుకొస్తున్నడని" అనేది. నేను కట్టే మెత్త ఎప్పుడు విప్పినా తడిగానే ఉండేది. ఆరబెట్టి మళ్ళీ అదే కట్టేదాన్ని.

దసరా అయింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లకు పాలిష్ పెట్టుకుని గన్‌ఫౌండ్రీకి బయలుదేరాడు. నన్ను రావద్దన్నాడు, మళ్ళీ సందు చివర ఆగి రమ్మన్నాడు. మెట్ల కింద బెంచీ మీద నన్ను కూర్చోబెట్టారు. మేనేజరు స్వయంగా వచ్చి చేతుల్లో ఫైళ్ళు పెట్టాడు. ఆయన ఎక్కాడు. మొదటి మలుపు దాకా కిర్రు కిర్రుమని వినబడింది. ఆ తర్వాత పైనెక్కడో కట్టె విరిగిన చప్పుడు, ఫైళ్ళు రాలిన చప్పుడు.

నేను పైకి పోయేసరికి మెట్ల మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. గడ్డం చీరుకుపోయింది. ఎడమ పాదం కాలితో పాటు లేదు, వేరే వైపు తిరిగి ఉంది. మేనేజరు వంగి బూటు లాగేశాడు. చీలమండ దగ్గర ఇనుప కీలు తుప్పు పట్టి ఎర్రగా అరిగిపోయింది. దాని చుట్టూ చెక్క నల్లబడి, వేలితో నొక్కితే దిగబడుతోంది.

"ఏంది ఇది? నీళ్ళల్ల నానబెట్టినవా?"

ఆయన నా వైపు చూడలేదు.

"వానల నడిచిన సాబ్."

"నీళ్ళు తగలనియ్యొద్దని వాళ్ళు చెప్పలేదా?"

"చెప్పిన్రు సాబ్. తప్పు నాదే."

రిక్షాలో ఇంటికి వచ్చాం. మెట్టు జారానని తల్లికి చెప్పాడు. అత్తమ్మ ఆయన గడ్డానికి పసుపు పెట్టి, విరిగిన కాలు తీసుకుని వాకిట్లో కూర్చుంది. బూటు తీసింది, నేను కుట్టిన మెత్త విప్పింది. తుప్పు చూసింది. నల్లటి మరక పాదం పైనుంచి కిందికి, చెంబుతో పోసిన నీళ్ళు ఎట్లా పారతాయో అట్లాగే ఉంది. దాని మీద వేలు పెట్టి పై నుంచి కింది దాకా గీసుకుంటూ పోయింది. తర్వాత ఆ కాలును గోడ మీద ఎండకు పెట్టి వచ్చింది, ఎండితే బాగవుతుందేమో అన్నట్టు.

ఆ మరునాటి నుంచి ఆమె మళ్ళీ చెప్పులు వేసుకోలేదు. ఏ మొక్కు అని నేను అడగలేదు.

పూణే నుంచి ఇంకో కాలు రావడానికి చాలా నెలలు పట్టింది. గన్‌ఫౌండ్రీ ఆఫీసులో జాగ అంతకాలం ఆగలేదు. మేనేజరును తప్పు పట్టడానికి లేదు. చివరికి ఆబిడ్స్‌లో ఒక సినిమా హాలు సైకిల్ స్టాండులో పని దొరికింది. స్టూలు మీద కూర్చుని టోకెన్లు ఇచ్చే పని. ఆట మొదలయ్యే వేళ గుంపులో పిల్లలు "లంగ్డే, జల్దీ!" అని కుంటితనాన్ని ఎత్తిపొడుస్తూ అరిస్తే తల ఎత్తకుండా టోకెను ఇచ్చేవాడు. ప్లాట్‌ఫారం మీద కూలీకి జవాబు చెప్పిన మనిషి మళ్ళీ నాకు కనబడలేదు.

కొత్త కాలు తొడుక్కుని ఆయన మొదటిసారి ఇంటికి వచ్చిన రోజు అత్తమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది.

"బూటుతోనే రా బిడ్డా. నేనే అంటున్న."

"వద్దులే అమ్మా."

"దేవుళ్ళ గూటికి తలుపు పెట్టిచ్చిన. సూడు. మూసే ఉన్నది."

"ఎందుకే గవన్నీ. నాకిట్లనే అలవాటైంది."

గడప మీద కూర్చుని పట్టీలు విప్పాడు. అత్తమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన మెల్లగా విడిపించుకుని, కాలును చెప్పుల పక్కన నిలబెట్టి, చేతుల మీద జరుగుతూ ఆమె కాళ్ళ పక్క నుంచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ రోజూ ఆ మాట అంది. ఆయన రోజూ అదే జవాబు చెప్పాడు. కోపంగా అని ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేదేమో, ఎప్పుడూ మెత్తగానే అనేవాడు.

ఆమె పోయిన తర్వాత గూటి తలుపు నేను తెరిచే ఉంచాను. ఆయనను ఆపేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. నేను కూడా ఒకటి రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు ఆ కాలును ఎత్తి అరుగు మీద పెడతాను, నీళ్ళు చల్లడం అయ్యాక, నేల ఆరేదాకా ఆగి మళ్ళీ గడప పక్కన నిలబెడతాను. మా సందులోకి ఎవరు వచ్చినా తలుపు కొట్టే ముందు అక్కడికే చూస్తారు. కాలు ఉంటే ఆయన ఇంట్లో ఉన్నట్టు.