చుట్ల మామయ్య మోసుకొచ్చిన కబుర్లు

విన్నమాట విన్నట్టు చెప్పడం చుట్ల మామయ్యకు చచ్చినా చేతకాదు. పక్కింటావిడ "మీ రేడియో పగలగొడతాను!" అని కేకలేస్తే, ఇంట్లోకొచ్చి "పాపం, ఆవిడకి తలనొప్పిగా ఉందట" అంటాడు.

మేనల్లుళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ల షాపులో రాగితీగ చుట్టడం ఆయన పని. కాసేపు చుట్టడం, లేచి ముందుగదికీ వెనకగదికీ కాలుకాలిన పిల్లిలా తిరగడం. ముందుగదిలో అన్న, వెనకగదిలో తమ్ముడు. ఇద్దరికీ మాటల్లేవు. ట్రాన్స్‌ఫార్మర్లో రెండు తీగచుట్టలు ఒకదాన్నొకటి తాకకుండా మధ్యనున్న ఇనుముతోనే వ్యవహారం నడుపుకుంటాయి. ఇక్కడ ఆ ఇనుము మామయ్య.

తప్పు తమ్ముడి తొందరదే. వోల్టేజీ సగానికి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్‌కు అటుది ఇటు కలిపాడు. తక్కువ చుట్లవైపు కరెంటిచ్చేసరికి అది బుద్ధిగా రెట్టింపు చేసి పంపింది. కస్టమరు మోటారు ఢామ్మంది.

"అవి చేతులా, చేటలా?" అన్నాడు అన్న, కస్టమరు ఎదుటే.

తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. పక్కవీధి షాపువాడు రమ్మంటున్నాడు. పోవాలా, ఉండాలా? పొద్దుటినుంచీ ఒకే స్క్రూ బిగిస్తాడు, విప్పుతాడు. మధ్యాహ్నానికి తేల్చేశాడు.

"మామయ్యా, రేపట్నుంచి ఈ గడప తొక్కనని అన్నయ్యతో చెప్పు."

"ఓ, అలాగే!"

మామయ్య వెళ్ళాడు. తమ్ముడు కూర్చున్నాడు, లేచాడు, గోడకు చెవి పెట్టాడు. ఏమీ వినపడలేదు.

మామయ్య మొహం వేలాడేసుకొచ్చాడు. "నువ్వు తినందే ముద్ద ముట్టనంటున్నాడ్రా మీ అన్నయ్య."

తమ్ముడి గుండె కరిగిపోయింది. ఒక్క పరుగున ముందుగదిలోకి వెళ్ళాడు. అన్న రెండు బుగ్గలూ నిండా అన్నంతో కనిపించాడు.

"తినడం లేదన్నావట?"

అన్న గబగబా మింగి, తమ్ముడి నుదుటిమీద చెయ్యి వేశాడు. "నీకు జ్వరమట కదరా?"

"జ్వరమేంటి? రేపట్నుంచి రానన్నాను!"

"నేను 'వాడు తిన్నాడా' అన్నానంతే!"

ఇద్దరూ ఒక్కసారే అరిచారు. "మామయ్యా!"

"గట్టిగా వస్తే తగ్గించాను, నీరసంగా వస్తే పెంచాను," అన్నాడు మామయ్య గుమ్మంలోంచి. "ట్రాన్స్‌ఫార్మరు రెండువైపులా పనిచేస్తుంది కదర్రా!"

తమ్ముడికి నవ్వాగలేదు. అన్న గిన్నె ఇటు జరిపి, మొహం అటు తిప్పుకున్నాడు.

"రేపు రాకపోతే ఆ మోటారు ఎవరు విప్పుతారు? ఒక్కణ్ణే నావల్ల కాదు."

"విన్నావురా? నువ్వు లేకపోతే తోచదంటున్నాడు!" అన్నాడు మామయ్య.

"నేనలా అనలేదు!" అని అరిచాడు అన్న. అబద్ధమని మాత్రం అనలేదు.